అండమాన్‌లో హావ్‌లాక్, నీల్ దీవులకి ఫెర్రీనా హెలికాప్టరా? అమ్మతో పోతున్నాం, కొంచెం చెప్పండి

నయీంనగర్_నాని
డిసెంబర్ 2, రాత్రి 10:40

అందరికీ నమస్తే. సంక్రాంతి అయ్యాక జనవరి 17 నుంచి 21 వరకు అండమాన్ పోదామని అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, మా అమ్మ. అమ్మకి 63. విమానం గురించి నాకు టెన్షన్ లేదు, ఫెర్రీ గురించే అంతా. ఎందుకంటే మా అమ్మ హన్మకొండ నుంచి యాదగిరిగుట్ట పోయేలోపు రెండుసార్లు బస్సు ఆపించే మనిషి. జీవితంలో పడవ ఎక్కింది ఒక్కసారే, లక్నవరంలో. అప్పుడు కూడా పోయినంతసేపూ కళ్లు మూసుకుని సమ్మక్క సారలమ్మలను తలుచుకుంటూ కూచుంది.

ఇక్కడి ఏజెంట్ ఇచ్చిన ప్లాన్ ఇది. 17న శంషాబాద్ నుంచి పొద్దున ఫ్లైట్, పోర్ట్ బ్లెయిర్‌లో 11:30కి దిగుతాం, అదే రోజు మధ్యాహ్నం 2 గంటలకి బయల్దేరే ఫెర్రీలో హావ్‌లాక్. అక్కడ రెండు రాత్రులు. 19న నీల్, అక్కడ రెండు రాత్రులు. 21 పొద్దున ఫెర్రీలో నీల్ నుంచి పోర్ట్ బ్లెయిర్, మధ్యాహ్నం 1:40కి తిరుగు ఫ్లైట్.

హెలికాప్టర్ ఉందంటున్నారు కదా, ఫెర్రీ బదులు దాంట్లో పోవచ్చా? ఫెర్రీనే అయితే ప్రభుత్వందా, ప్రైవేటుదా? వాంతులకి ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి, డబ్బులు ఇంకా కట్టలేదు.

పాకాల_గాలి
డిసెంబర్ 2, రాత్రి 10:52

మామునూరు ఎయిర్‌పోర్టు మొదలయ్యాక డైరెక్ట్‌గా హావ్‌లాక్‌కే ఫ్లైట్ వేస్తారట అన్నా, అప్పటిదాకా ఆగు 😀

నయీంనగర్_నాని
డిసెంబర్ 2, రాత్రి 10:55

అప్పటికి పాప పెళ్లికొస్తది. సీరియస్‌గా చెప్పండి.

మంచిర్యాల_మౌనిక
డిసెంబర్ 2, రాత్రి 11:30

నాని గారూ, మిగతావి పక్కన పెట్టండి. మీ ప్లాన్‌లో చివరి రోజు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. అచ్చం ఇదే ప్లాన్ మాకూ ఇచ్చారు. పొద్దున నీల్‌లో ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైట్.

రెండేళ్ల కింద డిసెంబర్‌లో పోయాం, అయిదుగురం. మూడు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. నాలుగో రోజు రాత్రి గాలి మొదలైంది. రిసార్ట్ వాళ్లు "మామూలే మేడం, ఇక్కడ ఇలాగే వీస్తుంది" అన్నారు. పొద్దున ఆరున్నరకి సామాన్లతో ఫెర్రీ ఎక్కే జెట్టీకి పోతే అప్పటికే రెండొందల మంది ఉన్నారు. ఎవరూ ఏమీ చెప్పరు. ఏడింటికి ఒకాయన లోపల్నుంచి వచ్చి, బోర్డు మీద చాక్‌పీస్‌తో క్యాన్సిల్ అని రాసి, చేతులు దులుపుకుని చాయ్ తాగడానికి పోయాడు. అంతే. చూస్తే ఎండ కాస్తోంది, ఒడ్డు దగ్గర నీళ్లు నిలకడగా ఉన్నాయి. మా నాన్న అయితే "వాన లేదు, ఏం లేదు, ఎందుకు ఆపారు వీళ్లు" అని అరగంట కొట్లాడాడు. బయట సముద్రంలో అలలు లేచాయని తర్వాత తెలిసింది.

ఫ్లైట్ పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఫెర్రీలో సీట్లు దొరకలేదు. అప్పటికప్పుడు అయిదుగురికి కొత్త ఫ్లైట్ టికెట్లు కొంటే, మొత్తం ప్యాకేజీకి పెట్టినదానికంటే ఎక్కువైంది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే "ప్రకృతి మా చేతిలో లేదండి" అన్నాడు. ప్రకృతి నీ చేతిలో లేదు సరే, ప్లాన్ నీ చేతిలోనే ఉంది కదరా అయ్యా!

చివరి రాత్రి కచ్చితంగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉండండి. తర్వాత మీ ఇష్టం.

ఓడ_పిచ్చోడు
డిసెంబర్ 3, ఉదయం 6:15

మౌనిక గారు చెప్పింది అక్షరాలా నిజం. 2016 డిసెంబర్‌లో తుఫాను వచ్చి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు ఇరుక్కుపోతే నేవీ ఓడలు పోయి తీసుకొచ్చాయి. పేపర్లో కూడా వచ్చింది. జనవరిలో అంత గోల ఉండదనుకోండి, కానీ సముద్రం పూర్తిగా నెమ్మదించేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలోనే.

టీవీలో "విశాఖ, మచిలీపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చెప్తుంటారు కదా, మనకి వరంగల్‌లో కూర్చుని అది వినీ వినీ అలవాటైపోయింది. అక్కడ అలాంటి హెచ్చరిక వస్తే చిన్న ఫెర్రీలు కదలవు. హార్బర్ వాళ్లు వద్దంటే కెప్టెన్ కూడా ఏమీ చెయ్యలేడు.

నా గురించి ఒక్క ముక్క. నేను కాజీపేట రైల్వేలో పని చేసి రిటైరయ్యాను, అయినా నాకు పిచ్చి మాత్రం ఓడలంటే. అండమాన్ మూడుసార్లు పోయాను, ఒకసారి విశాఖ నుంచి ఓడలోనే. 56 గంటలన్నారు, అటూ ఇటూగా అంతే పట్టింది. దాని గురించి మొదలుపెడితే ఈ చర్చ తప్పుదారి పడుతుంది.

ప్రభుత్వ ఫెర్రీ గురించి: చవక. ప్రైవేటులో మనిషికి వెయ్యి దాటుతుంది, దీంట్లో కొన్ని వందల్లో అయిపోతుంది. హావ్‌లాక్‌కి రెండున్నర గంటల దాకా పడుతుంది, ప్రైవేటుదైతే గంటన్నర. కానీ అందులో డెక్ మీద నిలబడొచ్చు, గాలి తగులుతుంది, ఎగిరే చేపలు కనిపిస్తాయి. ప్రైవేటువి చాలావరకు ఏసీ డబ్బాలు, అద్దాల వెనక సినిమా హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. నా ఓటు ప్రభుత్వ ఫెర్రీకే.

జగిత్యాల్_జగమొండి
డిసెంబర్ 3, ఉదయం 9:05

పెద్దాయనా, మీ ఓటు మీరే వేసుకోండి గానీ పాపతో, పెద్దావిడతో పోయేవాళ్లని ప్రభుత్వ ఫెర్రీకి పంపకండి. దాని టికెట్లు ప్రయాణానికి కొద్ది రోజుల ముందే తెరుస్తారు, దీవుల్లో ఉండే జనానికి ముందు సీట్లు పోవాలి, అది వాళ్ల ఆర్టీసీ బస్సు లాంటిది, వాళ్ల హక్కు. మిగిలింది మనకి. జనవరి సీజన్‌లో నలుగురికి ఒకే ఫెర్రీలో దొరుకుతాయన్న గ్యారంటీ ఏంటి? హోటల్ బుక్ చేసుకుని టికెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా?

నాని అన్నా, ప్రైవేటుదే, ఇప్పుడే బుక్ చేసేయ్.

ఓడ_పిచ్చోడు
డిసెంబర్ 3, ఉదయం 9:40

టికెట్ దొరకడం కష్టమని ఒప్పుకుంటాను. డెక్ విషయంలో మాత్రం తగ్గను. కడుపులో తిప్పేవాళ్లకి బయటి గాలి మందుతో సమానం.

సిక్కోలు_ద్వీపం
డిసెంబర్ 3, మధ్యాహ్నం 1:20

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, తాతల కాలం నుంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటున్నాం. ఇక్కడ మన తెలుగోళ్లు చాలామందే ఉన్నారు, 2011 లెక్కల్లో దీవుల జనాభాలో 13 శాతం దాకా తెలుగు మాట్లాడేవాళ్లే. అమ్మగారికి భాష గురించి బెంగ అక్కర్లేదు. కొన్ని సంగతులు చెప్తాను, ఇవి ఏజెంట్లు చెప్పరు.

పేర్లు చూసుకోండి. టికెట్ మీద హావ్‌లాక్ అని ఉండకపోవచ్చు, స్వరాజ్ ద్వీప్ అని ఉంటుంది. నీల్ అంటే షహీద్ ద్వీప్. ఈ రెండూ 2018లో మారాయి. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. నోటితో మేమందరం పాత పేర్లే అంటాం, కానీ కాగితం మీద కొత్తవి. పోయిన నెల ఒకాయన నీల్ పోవాల్సినవాడు స్వరాజ్ క్యూలో నిలబడి అరగంట తర్వాత తెలుసుకున్నాడు.

రెండోది జెట్టీ. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే నుంచి, ప్రైవేటువి హడ్డో నుంచి బయల్దేరతాయి. రెండూ ఒకటి కాదు. ఆటో ఎక్కి "జెట్టీకి" అంటే వాడు వాడికి తోచిన చోటికి తీసుకుపోతాడు. టికెట్ చూపించి పేరు పెట్టి చెప్పండి. గంట ముందు ఉండాలి, ఒరిజినల్ ఆధార్ ఉండాలి, పాపది కూడా. పెద్ద సామాను కౌంటర్ దగ్గర తీసేసుకుని ట్యాగ్ కడతారు, మందులు, నీళ్లు, పాప బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి.

హెలికాప్టర్ ఉంది బాబూ, ఇరవై నిమిషాల్లో హావ్‌లాక్‌లో దిగొచ్చు. కానీ అది టూరిస్టుల కోసం పెట్టింది కాదు. దూరపు దీవుల్లో రోగులు, కాన్పు కష్టమైనవాళ్లు, ఇక్కడి జనం, ఉద్యోగులు, వాళ్ల తర్వాతే మనం. సీట్లు తక్కువ, సామాను దాదాపు చేతిసంచికే పరిమితం. వాన పడితే అదీ ఎగరదు. సీప్లేన్ అని 2010 చివర్లో జల్ హంస్ పేరుతో ఒకటి మొదలుపెట్టారు, నీళ్ల మీద దిగేది, కొన్నాళ్లు నడిచింది, ఆగిపోయింది. కాబట్టి అమ్మగారిని ఫెర్రీకే సిద్ధం చెయ్యండి.

నయీంనగర్_నాని
డిసెంబర్ 3, రాత్రి 9:15

సిక్కోలు గారూ చాలా థాంక్స్, ఈ జెట్టీల సంగతి అసలు తెలీదు.

ఏజెంట్‌తో మాట్లాడాను. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌కి మార్చమంటే "సార్, పదేళ్లుగా ఇదే ప్లాన్ ఇస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు" అంటాడు. మార్చితే 4 వేలు ఎక్స్‌ట్రా అట. పైగా నీల్‌లో ఒక రాత్రి తగ్గుతుంది. మా అమ్మకి నీల్ కావాలి. అక్కడ బీచ్‌ల పేర్లు సీతాపూర్, రామ్‌నగర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అని ఎక్కడో విన్నది, అప్పట్నుంచి అది తీర్థయాత్రే ఆమెకి.

మంచిర్యాల_మౌనిక
డిసెంబర్ 3, రాత్రి 9:22

"ఎవరికీ ఏమీ కాలేదు" 🙂 నాకు అయింది కదా, నా నంబర్ ఇవ్వనా ఆయనకి?

జగిత్యాల్_జగమొండి
డిసెంబర్ 3, రాత్రి 9:50

4 వేలు నలుగురికి, మనిషికి వెయ్యి. సంక్రాంతికి కోడిపందేల మీద పెట్టేదానికంటే తక్కువ. ఇచ్చేయ్ అన్నా.

ఇంకో తప్పు కూడా ఉంది, ఎవరూ అనలేదు. మొదటి రోజు 11:30కి దిగి 2 గంటల ఫెర్రీ పట్టుకోవడం. ఫ్లైట్ గంట లేటైందనుకో, శంషాబాద్‌లో పొగమంచు వేళ అది పెద్ద విషయం కాదు, సామాన్లు వచ్చేసరికి ఒంటిగంట, హడ్డోకి పోయేసరికి గేటు మూసేస్తారు. ఫెర్రీవాడికి నీ ఫ్లైట్‌తో సంబంధం లేదు, ఫ్లైట్‌వాడికి నీ ఫెర్రీతో సంబంధం లేదు. మధ్యలో నువ్వు. పైగా తెల్లవారుజామున ఫ్లైట్ అంటే హన్మకొండలో అర్ధరాత్రే బయల్దేరాలి, రాత్రంతా నిద్ర లేని పెద్దావిడని అదే రోజు సముద్రం మీదికి ఎక్కిస్తావా?

సిరిసిల్ల_సుజాత
డిసెంబర్ 4, ఉదయం 8:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. జగమొండి అన్నా, మీరు బాలి పోయొచ్చారని పాత పోస్టులో చూశాను. మేము మార్చిలో బాలి పోతున్నాం, అక్కడ్నుంచి గిలి దీవులకి పోవాలి. విమానంలో పక్క దీవి లోంబోక్ పోయి అక్కడ్నుంచి పడవా, లేక బాలి నుంచే నేరుగా ఫాస్ట్ బోటా? విమానం అయితే తొందరగా అయిపోతుందని మా ఆయన అంటున్నాడు.

జగిత్యాల్_జగమొండి
డిసెంబర్ 4, ఉదయం 11:00

చెల్లే, విమానం గాల్లో ఉండేది అరగంట పైచిలుకు, నిజమే. లెక్క అక్కడితో ఆగదు. ఫ్లైట్ టైముకి రెండు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. లోంబోక్‌లో దిగాక ఎయిర్‌పోర్టు దీవికి దక్షిణం వైపు, గిలి పడవలు ఎక్కే బంగ్సల్ రేవు ఉత్తరాన, మధ్యలో కారులో గంటన్నర, రెండు గంటలు. అక్కడ మళ్లీ పడవ. ఎలా చూసినా పడవ తప్పదు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నమే. అదే బాలిలోని పదాంగ్ బాయ్ రేవు నుంచి ఫాస్ట్ బోట్ అయితే గంటన్నర నుంచి రెండున్నర గంటల్లో నేరుగా గిలి ఒడ్డున దింపేస్తాడు.

లోంబోక్‌లోనే ఉండేవాళ్లకైతే విమానమే మేలు. ఎందుకంటే పదాంగ్ బాయ్ నుంచి లోంబోక్‌లోని లెంబార్ రేవుకి పోయే పెద్ద ఫెర్రీ, లారీలూ మోటార్‌సైకిళ్లూ ఎక్కేది, నాలుగైదు గంటలు తింటుంది. చవకే, రాత్రీ పగలూ నడుస్తుంది, కానీ రేవులో జాగా దొరికేదాకా ఒడ్డు కనపడుతున్నా ఆగే ఉంటుంది.

ఒక మాట గుర్తు పెట్టుకో. బాలికి, లోంబోక్‌కి మధ్య నీళ్లు మామూలువి కావు. పసిఫిక్ నీళ్లు హిందూ మహాసముద్రంలోకి దూసుకొచ్చే సందుల్లో అదొకటి, ప్రవాహం గట్టిగా ఉంటుంది. జులై, ఆగస్టులో నేను పోయాను, బోటు అల మీద నుంచి కిందపడితే వెన్నుపూస లెక్కపెట్టుకోవచ్చు. మా పక్కన కూర్చున్న ఆస్ట్రేలియా పిల్లలు మొదట పది నిమిషాలు కేకలు వేశారు సంతోషంతో, తర్వాత కేకలు ఆగిపోయాయి. మార్చి కాబట్టి మీకు అంత ఉండకపోవచ్చు, అయినా పొద్దున బోటే తీసుకో, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. గిలిలో మోటారు బండ్లు ఉండవు, గుర్రబ్బండ్లే, చక్రాల పెద్ద సూట్‌కేసు ఇసకలో లాగుతూ మా ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ యాదికున్నాయి. బ్యాక్‌ప్యాక్ తీసుకుపో.

సిరిసిల్ల_సుజాత
డిసెంబర్ 4, ఉదయం 11:25

థాంక్స్ అన్నా. మా ఆయనకి ఈ పోస్టే చూపించా, ఏం మాట్లాడలేదు 😄

పాకాల_గాలి
డిసెంబర్ 4, మధ్యాహ్నం 12:00

ఇన్ని కష్టాలెందుకు, మాల్దీవులు పోండి, సీప్లేన్ వచ్చి రిసార్ట్ ముందే దిగుతుంది.

జగిత్యాల్_జగమొండి
డిసెంబర్ 4, మధ్యాహ్నం 12:30

దిగుతుంది, పగలు మాత్రమే. చీకటి పడితే సీప్లేన్ ఎగరదు. సాయంత్రం మాలేలో దిగితే ఆ రాత్రి అక్కడే హోటల్ బిల్లు కట్టుకోవాలి. సీప్లేన్ చార్జీ విన్నావా ఎప్పుడన్నా? భూమి అమ్మాలి.

డాక్టరక్క
డిసెంబర్ 4, రాత్రి 10:20

అసలు ప్రశ్నకి వస్తాను, వాంతుల గురించి ఎవరూ సరిగా చెప్పలేదు.

సముద్రం మీద తిప్పడం కడుపు జబ్బు కాదు. చెవి లోపల మన బ్యాలెన్స్ చూసుకునే భాగం ఒకటుంటుంది, అది "ఊగుతున్నాం" అంటుంది. కళ్లేమో ఎదురుగా కదలని సీటు చూసి "లేదు, కుదురుగానే ఉన్నాం" అంటాయి. ఈ రెండింటి కొట్లాటలో మెదడు తికమకపడి వాంతి తెప్పిస్తుంది. అందుకే ఓడ_పిచ్చోడు గారు చెప్పిన డెక్ పని చేస్తుంది. గాలి వల్ల అనుకుంటారు గానీ ఎక్కువగా దూరాన గీతలా కనిపించే ఆకాశపు అంచును చూడటం వల్ల. ఫోన్ చూస్తే ఖాయంగా తిప్పుతుంది. నాని గారి అమ్మ లక్నవరంలో కళ్లు మూసుకోవడం నిజానికి మంచి పనే, కళ్లు అబద్ధం చెప్పకుండా ఆపింది.

సీటు పడవ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి. ముందు భాగం ఎక్కువ ఎగిరి పడుతుంది. ముందు సీట్లకి ఎక్కువ డబ్బులు తీసుకుని వ్యూ అని అమ్ముతారు, మీకు వద్దు.

అవోమిన్ లాంటి మాత్ర ఫెర్రీ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అది కూడా వాంతిలోనే పోతుంది. మత్తు వస్తుంది, పెద్దవాళ్లు దిగేటప్పుడు తూలుతారు, జెట్టీ మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోండి. అమ్మకి గ్లకోమా (కంటి జబ్బు) ఉన్నా, బీపీ మందులు వాడుతున్నా ముందు మీ డాక్టర్‌ని అడగండి. పాపకి పెద్దవాళ్ల మాత్ర విరిచి ఇచ్చే పని అస్సలు వద్దు, పిల్లల డాక్టర్ రాసిన డోసే.

ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, పూరీ తిని కూడా ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు. అల్లం మురబ్బా ఉంటే చప్పరించండి.

నయీంనగర్_నాని
డిసెంబర్ 5, ఉదయం 7:30

డాక్టరక్కా, దండం. అమ్మకి బీపీ ఉంది, ఆదివారం మా డాక్టర్‌కి చూపిస్తాను.

ఓడ_పిచ్చోడు
డిసెంబర్ 5, ఉదయం 8:00

ఒక చిన్న సంగతి. జనవరిలో అక్కడ గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. హావ్‌లాక్ పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యంగానే ఉంది, 40 కిలోమీటర్లు. అంటే పోయేటప్పుడు అలకి ఎదురు, వచ్చేటప్పుడు అల వెనక నుంచి. పోయేటప్పుడు బాగుంటే వచ్చేటప్పుడు అసలు భయపడక్కర్లేదు. మాత్ర మొదటి ఫెర్రీకి తప్పనిసరి.

సిక్కోలు_ద్వీపం
డిసెంబర్ 5, ఉదయం 10:10

ఓడ మామ సరిగ్గా చెప్పాడు.

నాని గారూ, ఇలా మార్చుకుంటే అన్నీ కుదురుతాయి. 17న దిగి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం సెల్యులార్ జైలు. 18 పొద్దున ఫెర్రీకి హావ్‌లాక్, రెండు రాత్రులు. 20 పొద్దున హావ్‌లాక్ నుంచి నీల్, గంట లోపే. పగలంతా అమ్మగారికి రాముడి బీచ్‌లు, సాయంత్రం ఫెర్రీకి పోర్ట్ బ్లెయిర్. 21న నిమ్మళంగా ఫ్లైట్. నీల్‌లో రాత్రి ఉండరు, అంతే తేడా. దీవి చిన్నది, ఆటోలో పగటిపూట తిరిగేయొచ్చు. సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఒకటుంది, దానికి మాత్రం నీరు తీసినప్పుడే పోవాలి, పోటు టైములు హోటల్‌లో అడగండి.

చీకటి సంగతి గుర్తు పెట్టుకోండి. ఇక్కడా మీ గడియారం టైమే, సూర్యుడు మాత్రం మీకంటే ముందు. జనవరిలో ఐదుంబావుకి మునిగిపోతాడు. హన్మకొండలో ఆరు దగ్గర పడుతుంది కదా, ఆ లెక్కన "నాలుగున్నరకి హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కి పోదాం" అనుకుంటే చూసేది చీకటే. అన్నీ మూడింటికే మొదలుపెట్టండి, పొద్దున ఐదున్నరకే లేవండి.

నయీంనగర్_నాని
డిసెంబర్ 6, రాత్రి 8:45

మార్చేశాను. ఏజెంట్ 4 వేలు అన్నవాడు 2,500కి దిగాడు. "మీరే రిస్క్ అనుకుంటున్నారు సార్" అని మాత్రం రెండుసార్లు అన్నాడు. ఫెర్రీలు ప్రైవేటువే తీసుకున్నా, కింది అంతస్తు, మధ్య సీట్లు. వచ్చాక రాస్తాను.

నయీంనగర్_నాని
జనవరి 24, రాత్రి 9:30

వచ్చాం. చెప్పినట్టే రాస్తున్నా, కానీ నవ్వొద్దు.

17న ఫ్లైట్ టైముకే దిగింది, అంటే పాత ప్లాన్ ప్రకారం 2 గంటల ఫెర్రీ దొరికేదే. మా ఆవిడ ఆ మాట అన్నది కూడా. కానీ అమ్మ హోటల్‌లో మూడు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకుంది.

18 పొద్దున ఇడ్లీ తిన్నాం. అమ్మకి డాక్టర్ రాసిన మాత్ర, పాపకి సిరప్. నేను వేసుకోలేదు. నాకెందుకు, నేను దిట్టంగా ఉన్నాను కదా! హడ్డో దగ్గర బాగానే ఉంది. రేవు దాటాక అరగంటకి పడవ ముందుభాగం లేచి దబ్బున పడటం మొదలైంది, ఓడ_పిచ్చోడు గారు చెప్పిన ఎదురల. నేను అప్పుడు ఫోన్‌లో అమ్మ వీడియో తీసి వాట్సాప్‌లో పెడదామని చూస్తున్నా. రెండు నిమిషాల్లో నుదుటి మీద చల్లటి చెమట, నోట్లో నీళ్లూరడం. సిబ్బంది ఒక అబ్బాయి అడక్కుండానే కవర్ తెచ్చి చేతిలో పెట్టాడు, నా మొహం చూస్తే తెలిసినట్టుంది. తర్వాత నలభై నిమిషాలు నేను ఆ కవర్లోనే తల పెట్టుకుని ఉన్నా.

మా అమ్మ ఒక చేత్తో నా వీపు రాస్తూ, ఇంకో చేత్తో స్టీల్ డబ్బాలోంచి సకినాలు తీసి కరకరా తింటోంది. ఆ నువ్వుల వాసన, ఆ చప్పుడు, జన్మలో మర్చిపోను. "చిన్నప్పుడు బస్సుల నువ్వే కక్కేటోడివి, నేను కాదు" అన్నది. నలుగురిలో! యాదగిరిగుట్ట బస్సు ఆపించింది ఎవరి కోసమో ఇన్నేళ్లకి నాకు తెలిసింది.

నీల్‌లో కొబ్బరిబోండాలు అమ్మే ఆవిడ తెలుగు మాట్లాడింది, సోంపేట దగ్గర వాళ్లట. అమ్మా ఆవిడా గంటసేపు మాట్లాడుకున్నారు, ఒకళ్ల తెలుగు ఇంకొకళ్లకి సగమే అర్థమైనట్టుంది గానీ ఇద్దరికీ పట్టింపు లేదు. సీతాపూర్ బీచ్‌లో అమ్మ దండం పెట్టుకుని సీసాలో నీళ్లు పట్టుకుంది, ఉప్పునీళ్లని చెప్పినా వినలేదు.

20 సాయంత్రం ఫెర్రీ 50 నిమిషాలు లేటు, చీకటిపడ్డాక పోర్ట్ బ్లెయిర్ చేరాం. ఊగింది గానీ నేనూ ఈసారి మాత్ర వేసుకున్నా, ఏమీ కాలేదు.

నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, 21 పొద్దున నీల్ ఫెర్రీ టైముకే వచ్చిందట. ఏజెంట్ ఫోన్ చేసి మరీ చెప్పాడు, "చూశారా సార్" అని. ఉండనీ. ఆ పొద్దున నేను జెట్టీలో నిలబడి గడియారం చూడకుండా హోటల్‌లో దోసె తిన్నా, 2,500 దానికే అనుకుంటా.

మంచిర్యాల_మౌనిక
జనవరి 24, రాత్రి 9:48

సకినాలు 😂😂 మా నాన్నకి చదివి వినిపించా, ఆయన ఇంకా ఆ చాక్‌పీస్ మనిషినే తిడుతున్నాడు.

డాక్టరక్క
జనవరి 24, రాత్రి 10:05

మాత్ర మీకు రాయలేదని నా తప్పే అనుకుంటా. కక్కేది అమ్మ అని మీరే చెప్పారు!

పాకాల_గాలి
జనవరి 24, రాత్రి 10:11

వీడియో పెట్టు అన్నా.

నయీంనగర్_నాని
జనవరి 24, రాత్రి 10:15

పెట్టను.

@ఓడ_పిచ్చోడు గారూ, ఒక సమస్య వచ్చింది. మీరు విశాఖ నుంచి ఓడలో 56 గంటలు పోయారని అమ్మకి నోరు జారి చెప్పా. ఇప్పుడు ఆ టికెట్ ఎక్కడ తీస్తారని రోజూ అడుగుతోంది. మా పెద్దమ్మని కూడా కూడగట్టింది. మీరే ఏదో ఒకటి చెప్పండి, నేను మాత్రం రాను.

ఓడ_పిచ్చోడు
జనవరి 25, ఉదయం 6:05

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ ఓడ రోజూ ఉండదు, నెలకి ఎప్పుడో ఒకసారి, తేదీ వేశాకే టికెట్లు ఇస్తారు. బంక్ క్లాస్ వద్దు, కింద హాల్లో పడకల మధ్య రాత్రంతా రద్దీగా ఉంటుంది, ఇంజన్ చప్పుడు. ఇద్దరూ క్యాబిన్ తీసుకోవాలి, కింది బెర్త్ అడిగి మరీ తీసుకోవాలి. తిండి టైముకి గంట కొడతారు, ఆలస్యమైతే అన్నం అయిపోతుంది. పచ్చడి, సకినాలు ఎక్కువ కట్టుకోమనండి, మూడో రోజుకి అక్కడ అవే బంగారం. మా ఆవిడ కూడా వస్తానంటోంది, తేదీ పడగానే ఇక్కడే రాస్తాను.